ఎచ్చట నుంచితిమి? : స్థానస్మృతియు నిశ్చయబుద్ధియు

"నా కలము బల్లమీదనే యుంచితిని, నాకు బాగుగా జ్ఞాపకమున్నది." ఈ మాట వినబడని యిల్లు గాని బడి గాని యుండదు. కొంతసేపటికి ఆ కలము చొక్కాజేబులోనో, పుస్తకముల నడుమనో, మంచము క్రిందనో దొరకును. దొరకిన వెంటనే అందరును నవ్వి ఆ సంగతి మరచిపోవుదురు. చంకలో పిల్లను బెట్టుకొని ఊరెల్ల వెదకినట్లను సామెతను మన పెద్దలు ఊరక చెప్పలేదు.

అయితే ఇందు నవ్వి విడువదగని విషయమొకటి కలదు. కలమును మరచుట వింత కాదు. మరపు మానవులకు సహజము. మరచియు, మరువలేదని గట్టిగా నమ్ముటయే వింత. వస్తువున్న స్థానమును జ్ఞాపకముంచుకొను శక్తి యొకటి. ఆ జ్ఞాపకము సరియైనదే యను నిశ్చయము మరియొకటి. ఈ రెండును ఒకే కాడికి గట్టిన జోడెడ్లవలె ఎల్లప్పుడును కలసి నడచునని మన మనుకొందుము. అట్లు కాదనియు, ఒకటి కుడికిని మరియొకటి ఎడమకును లాగు సమయములు పెక్కు గలవనియు మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూపియున్నారు. ఆ ప్రయోగములలో గొన్నింటిని విద్యార్థులకు సుబోధమగునట్లు వివరించుట ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

ఇది కేవలము వినోదమునకై చెప్పు విషయము గాదు. వసతిగృహములో నొక బాలుని నూరు రూపాయల నోటు కనబడలేదనుకొందము. "పెట్టె యడుగున బెట్టితిని, ముమ్మాటికి నిజము" అని యతడు చెప్పును. అతడు అబద్ధమాడుట లేదు. తన మనస్సునకు దోచినదానినే చెప్పుచున్నాడు. అతని మాట నిజమైనచో, నోటునకు కాళ్ళు లేవు గనుక, ఎవరో తీసియుండవలెను. ఎవరు? గదిలోనివారిలో మిక్కిలి బీదవాడెవడో వానిమీదికి అందరి చూపులును మరలును. ఇండ్లలోను ఇట్లే జరుగును. ఉంగరము కనబడనినాడు మొదట పనిమనిషి కొంగు విప్పి చూతురు. మూడు దినములకు ఆ నోటు భూగోళపుస్తకపు అట్టలో దొరకినను, ఆ మూడు దినములు ఆ బీదబాలుడు పడిన యవమానమును తుడిచివేయగలవా రెవ్వరు? అనుమానము పెనుభూతమందురు. ఆ భూతమునకు తరచుగా ప్రాణము పోయునది ఒకరి "బాగుగా జ్ఞాపకమున్నది" యను మాటయే. కాబట్టి ఆ మాటకు విలువ యెంతయో విచారించుట మన ధర్మము.

మొట్టమొదట స్థానస్మృతి యెంత గొప్పశక్తియో చూతము. దానిని తక్కువగా నెంచి ఈ విచారణ మొదలుపెట్టరాదు. క్రీ. పూ. 55 ప్రాంతమున సిసిరో అను రోమను పండితుడు తన గ్రంథమునందు సిమొనిడీసు అను గ్రీకుకవిని గూర్చి యొక కథ చెప్పెను. ఒక విందుశాలనుండి ఆ కవి బయటికి వచ్చిన క్షణముననే కప్పు కూలి లోనివారందరును మరణించిరట. శవములు గుర్తింపరాకుండ నలిగిపోగా, ఎవరెవరు ఏ స్థానమున గూర్చుండిరో జ్ఞాపకము తెచ్చుకొని సిమొనిడీసు వారివారి బంధువులకు చూపెనట. స్థలముల క్రమమును బట్టి సంగతులను జ్ఞాపకముంచుకొను పద్ధతి ఇట్లు పుట్టినదని ప్రాచీనులు చెప్పిరి. నేటికిని జ్ఞాపకశక్తి పోటీలలో బహుమానము లందువారు ఈ పద్ధతినే యవలంబించుచున్నారు.

ఈ శక్తికి మెదడులో నాధారమైన భాగము కలదు. అది కణతల లోపలి భాగమున నుండును. సముద్రపు గుఱ్ఱమను చేపను బోలిన యాకారము గలిగియుండుటచే దానికి హిప్పోకాంపస్ అని పేరు వచ్చినది. 1953లో అమెరికాదేశమున హెన్రీ మొలైసన్ అను యువకునకు మూర్ఛరోగనివారణకై శస్త్రచికిత్స చేసి, రెండు ప్రక్కలను ఆ భాగములో జాల వంతును తీసివేసిరి. అటుపిమ్మట అతడు 2008లో మరణించువరకు క్రొత్త సంగతులను నిలుపుకొనలేకపోయెను. 1971లో జాన్ ఓకీఫ్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకల హిప్పోకాంపస్‌ను పరిశీలించి, ఎలుక ఒకానొక చోటికి వచ్చినప్పుడు మాత్రమే చలించు కణములు అందు గలవని ప్రకటించెను. ఆయనకును, తరువాత 2005లో ఈ శాస్త్రమున మరియొక జాతి కణములను గనుగొన్న మోసర్ దంపతులకును 2014లో నోబెల్ బహుమానము లభించినది. ప్రాణికి తానున్న చోటును, వస్తువులున్న చోటును ఎరుగుట ఆహారమంత యవసరము. కనుకనే ప్రకృతి దానికై ప్రత్యేకమైన యేర్పాటు చేసినది.

ఇంత చక్కని యేర్పాటు ఉండగా పొరపాటు ఎట్లు కలుగును? ఇందుకు నొక చిన్న కందిరీగ మనకు పాఠము చెప్పగలదు. హాలెండుదేశములో నికో టింబర్గన్ అను శాస్త్రజ్ఞుడు ఇసుకనేలలో బొరియ త్రవ్వుకొని నివసించు ఒక జాతి కందిరీగను పరిశీలించి 1932లో తన ఫలితములను ప్రకటించెను. ఈ శాస్త్రములో జేసిన కృషికి 1973లో ఆయన నోబెల్ బహుమానమును పంచుకొనెను. కందిరీగ బొరియలో నుండగా ఆయన దాని చుట్టును పైను చెట్టు కాయలను వలయముగా నమర్చెను. అది బయటికి వచ్చి, గాలిలో నొకమారు చుట్టి చూచి, వేటకు పోయెను. అది పోయిన తరువాత ఆయన ఆ కాయల వలయమును కొంచెము దూరమునకు జరిపెను. కందిరీగ తిరిగివచ్చి బొరియవద్ద వ్రాలక, కాయల నడుమ నున్న వట్టి నేలమీదనే వ్రాలెను. బొరియ ప్రక్కనే యున్నను దానికి గానరాలేదు.

ఉత్తర అమెరికా పడమటి కొండలలో క్లార్కు నట్‌క్రాకర్ అను పక్షి కలదు. అది శరత్కాలమున వేలకొలది పైను గింజలను నేలలో పాతిపెట్టి, నెలల తరువాత మంచు గురియు దినములలో త్రవ్వి తినును. 1982లో స్టీఫెన్ వాండర్‌వాల్ అను శాస్త్రజ్ఞుడు అట్టి పక్షులు గింజలు పాతిన యావరణములో ఒక భాగమునందలి గురుతులను 20 సెంటీమీటర్లు ప్రక్కకు జరిపెను. ఆ భాగములో పక్షులు త్రవ్విన తావులును ఆ మేరకే ప్రక్కకు జరిగినవి!

ఈ రెండు ప్రాణుల జ్ఞాపకములోను లోపము లేదు. లెక్కలోను లోపము లేదు. ఆధారమైన గురుతులు కదలినవి, అంతే. స్మృతి యనునది వస్తువును దానియంతట దానిని పట్టుకొనునది కాదు. చుట్టునున్న గురుతులను బట్టి వస్తువును లెక్కగట్టునది. కాబట్టి ఆధారము తప్పినప్పుడు తడబాటు కలుగదు. ధీమాతోనే తప్పు జరుగును. పండుగకు ఇల్లు సున్నము వేసి సామానులు సర్దిన మరునాడు మన యింటివారందరును ఆ కందిరీగలే గదా!

మనుష్యునివద్దకు వత్తము. కందిరీగకు లేని కొన్ని చిక్కులు మనకు గలవు. వానిలో మొదటిది, చూచుటను గమనించుటయని పొరబడుట. 1979లో నికర్సన్, ఆడమ్స్ అను నిద్దరు అమెరికను శాస్త్రజ్ఞులు తమ దేశపు సెంటు నాణెమును చూడకుండ గీయుమని ఇరువదిమందిని గోరిరి. ఆ నాణెముమీద ముఖ్యమైన యంశములు ఎనిమిది: ముఖము, అది తిరిగియున్న దిక్కు, సంవత్సరము, అక్షరములు మున్నగునవి. బాల్యమునుండి నిత్యము చేతబట్టిన నాణెమే యైనను, సామాన్యముగా నొకరు సరియైన స్థానమున గీయగలిగినవి మూడు మాత్రమే. విద్యార్థులారా, మీ జేబులోని పదిరూపాయల నోటును బయటికి దీయక కాగితముమీద గీసి చూడుడు. సంఖ్య యే మూలల నున్నది? అశోకస్తంభము ఏ ప్రక్క నున్నది? గీయకముందు మీకుండు ధైర్యమును, గీసిన పిదప మిగులు ధైర్యమును సరిపోల్చుకొనుడు.

ఇంతకంటె ముఖ్యమైన పరీక్ష 2012లో ప్రకటింపబడినది. లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో, ఒక భవనమునందు పనిచేయువారిని 54 మందిని, మంటలనార్పు ఎర్రని పాత్ర మీకు సమీపమున ఎచ్చట నున్నదని యడిగిరి. చెప్పగలిగినవారు 13 మంది మాత్రమే. వారిలో సంవత్సరముల తరబడి ఆ పాత్ర ప్రక్కనుండియే నడచుచున్నవారు గలరు. వేయిమారులు చూచినది తెలిసినట్లే తోచును. ఆ తోచుటయే పరిచయము, తెలియుట వేరు. పరిచయము మనస్సునకు ధైర్యమునిచ్చును గాని సమాచారము నియ్యదు.

రెండవ చిక్కు, మనస్సు ఖాళీలను తానే పూరించుట. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రెడరిక్ బార్ట్లెట్ 1932లో ప్రకటించిన గ్రంథములో, జ్ఞాపకము పెట్టెలో దాచిన వస్తువువంటిది కాదనియు, తలచుకొనినప్పుడెల్ల మనము దానిని మరల నిర్మించుచుందుమనియు జెప్పెను. 1981లో బ్రూవర్, ట్రేయన్స్ అను శాస్త్రజ్ఞులు దీనిని వస్తువుల విషయమున పరీక్షించిరి. ముప్పదిమందిని ఒక్కొక్కరిగా ఒక విద్యావంతుని గదిలో 35 క్షణములు కూర్చుండబెట్టి, తరువాత వేరొక గదికి గొనిపోయి, చూచిన వస్తువులను వ్రాయుమనిరి. దాదాపు అందరును కుర్చీని, బల్లను వ్రాసిరి. తొమ్మండుగురు పుస్తకములను గూడ వ్రాసిరి. ఆ గదిలో పుస్తకములే లేవు! విద్యావంతుని గదియందు పుస్తకము లుండవలెను గదా యని మనస్సు తనంతట వానిని తెచ్చి యందు బెట్టినది. "ఉండవలెను" అనునది వారికి తెలియకుండనే "ఉండెను" గా మారినది.

ఈ పూరించు గుణము పటముల విషయమునను గనబడును. భూగోళపాఠము చదువు బాలురారా, పటమును మూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుడు: కాశీ, శ్రీకాకుళము, వీనిలో తూర్పున నున్నది యేది? నిశ్చయముగా నొక జవాబు చెప్పినపిదప పటము తెరువుడు. కాశీ ఇంచుమించు 83 డిగ్రీల తూర్పు రేఖాంశముమీద నున్నది. శ్రీకాకుళము 84 డిగ్రీలకు సమీపమున నున్నది. అనగా మన శ్రీకాకుళమే కాశీకి తూర్పు. ఇట్లే బ్రిటనులో తూర్పుతీరపు పట్టణమైన ఎడిన్బరో, పడమటి తీరపు పట్టణమైన బ్రిస్టల్ కంటె పడమటగా నున్నది. ఆ దీవి ఉత్తరమునకు పోనుపోను పడమటికి వాలియుండుటయే కారణము. 1978లో స్టీవెన్స్, కూప్ అను నిద్దరు అమెరికాలో ఇట్టి ప్రశ్నలనే యడిగి, జనులు పట్టణముల స్థానమును విడిగా నెఱుగక, అవి యున్న రాష్ట్రముల స్థానమునుబట్టి యూహించుచున్నారని చూపిరి. పెద్దదానిని బట్టి చిన్నదానిని ఊహించుట మంచి యుపాయమే. కాని ఊహించితిమని మనకు దెలియక, చూచితిమని యనుకొనుటయే ప్రమాదము.

మూడవ చిక్కు, నిన్నటి జ్ఞాపకము నేటిదానిమీద బడుట. తాళపుచెవిని నిత్యమును మేకుకు తగిలించువాడు ఒకనాడు చేతిలో సంచులుండుటచే కిటికీలో నుంచెను. సాయంకాలము తలచుకొనగా వానికి కనుల గట్టినట్లు కనబడునది మేకే. ఆ దృశ్యము అబద్ధము గాదు. వందసారులు నిజముగా జరిగినదే. కాని అది నేటిది కాదు. దృశ్యములకు తేదీ వ్రాసియుండదు. రచ్చబండ దగ్గర సైకిలు నిలుపువాడును, పెద్ద యంగడియెదుట కారు నిలుపువాడును నిన్నటి చోటికే పోయి వెదకుటకు కారణ మిదియే. పలుమారులు జరిగినదానిని తలచినప్పుడు జ్ఞాపకము స్పష్టముగా నుండును. ఆ స్పష్టతను జూచి నేటి విషయమున నిశ్చయము పుట్టును.

నాలుగవది మిక్కిలి విచిత్రమైనది. విలువగల వస్తువును "ఎవరికిని తట్టని చోట" దాచుట మన యిండ్లలో వాడుక. గొలుసును కందిపప్పు డబ్బాలోను, రశీదును అటకమీది పాతచాపలోను పెట్టి, ఇంత వింతచోటు ఎట్లు మరతుమని యనుకొందురు. 1986లో వినోగ్రాడ్, సోలొవే అను శాస్త్రజ్ఞులు ఈ నమ్మకమునే పరీక్షించిరి. వస్తువునకు తగిన సామాన్యస్థానమును జనులు సులభముగా జ్ఞాపకముంచుకొనిరి. వింతస్థానమును అంత బాగుగా జ్ఞాపకముంచుకొనలేకపోయిరి. వింతస్థానమే చక్కగా జ్ఞాపకముండునను వారి యంచనా తలక్రిందులైనది. కారణము విచారించినచో తేటపడును. గొలుసును తలచినప్పుడు బీరువా తట్టును గాని పప్పుడబ్బా తట్టదు. దొంగకు తట్టని చోటు కొన్ని నెలల తరువాత మనకును తట్టదు. ఏలయన అప్పటికి వెదకుటలో మనమును దొంగయు సమానులమే. ఇట్లు తమ చేతితో దాచినదానిని తామే కానక, పరులమీద నింద మోపినవారెందరో!

ఈ నాలుగు చిక్కులకు తోడు, ఒకమారు పుట్టిన నిశ్చయము చెప్పుటచేతనే పెరుగును. 1986 జనవరి 28వ తేదీన అమెరికాలో ఛాలెంజరు అను అంతరిక్షనౌక ఎగిరిన కొద్దిసేపటికే భగ్నమై, అందున్న యేడుగురును మరణించిరి. వారిలో నొక ఉపాధ్యాయురాలును గలదు. మరునాడే అల్రిక్ నైసర్ అను ఆచార్యుడు, ఆ వార్త వినినప్పుడు మీరెచ్చట నుంటిరి, ఏమి చేయుచుంటిరి యని విద్యార్థులచేత వ్రాయించి దాచెను. ఇంచుమించు రెండున్నర సంవత్సరముల తరువాత వారిలో 44 మందిని మరల నదే ప్రశ్న యడిగెను. మొదట వ్రాసినదానితో సరిపోల్చి ఏడు మార్కులకు లెక్కింపగా సగటున మూడు మార్కులును రాలేదు. పదునొకండుగురికి సున్నయే వచ్చినది. అయినను తమ నిశ్చయమునకు వారు తామే యిచ్చుకొన్న మార్కులు అయిదింటికి సగటున నాలుగుకంటె హెచ్చు. తమ చేవ్రాతను తమకు చూపినప్పుడును మొదటి సంగతి వారికి జ్ఞప్తికి రాలేదు. మన గదిలోని బాలుడును అట్టివాడే. "పెట్టెలోనే బెట్టితిని" అని మొదట మెల్లగా ననును. పదిమంది పదిమారులు అడుగగా పదిమారులు చెప్పును. పదవమారు అతనికి కనబడునది పెట్టె కాదు, తాను చెప్పిన మాటయే. గొంతు మాత్రము మొదటిదానికంటె గట్టిగా నుండును.

అయినచో మన నిశ్చయమునకు విలువయే లేదా యని యడుగవచ్చును. అట్లనుట మరియొక తప్పు. నిశ్చయము పనికిమాలినది గాదు. అది వాతావరణయంత్రమువంటిది, ఎప్పుడు చూచితిమి, ఎట్లు చూచితిమి యనుదానినిబట్టి దాని మాటకు విలువ. 1991లో నెల్సన్, డన్లాస్కీ అను శాస్త్రజ్ఞులు జంటపదములను నేర్పి, ఇవి మీకు జ్ఞాపకముండునా యని యడిగిరి. నేర్చిన వెంటనే చెప్పిన యంచనాలు చాలవరకు తప్పినవి. కొంత యాలస్యము చేసి, ఒక పదము మాత్రము చూపి యడుగగా చెప్పిన యంచనాలు ఆశ్చర్యకరముగా సరిపోయినవి. కన్నులయెదుట నున్నంతసేపు అన్నియు వచ్చినట్లే యుండును. వస్తువు మరుగుపడిన తరువాత మనస్సును శోధించినప్పుడే లోపలనున్నదేదియో, లేనిదేదియో తెలియును.

ఇది పరీక్షలకు చదువువారికిని వర్తించును. 2006లో రోడిగర్, కార్పికె అను నిద్దరు, పాఠమును మరల మరల చదివినవారిని, ఒకమారు చదివి పుస్తకము మూసి తలచుకొని వ్రాసినవారిని పోల్చిరి. బాగుగా జ్ఞాపకముండునని ఎక్కువ ధైర్యము చెప్పినవారు మరల మరల చదివినవారు; వారము తరువాత ఎక్కువ జ్ఞాపకముంచుకొన్నవారు పుస్తకము మూసినవారు. పటమును పదిమారులు చూచుటకంటె, ఒకమారు చూచి, వట్టి కాగితముమీద కృష్ణాగోదావరులను గీసి, పట్టణములను గుర్తించి, మరల పటముతో సరిచూచుకొనుట మేలు. ఉపాధ్యాయులు ఖాళీపటముల నిచ్చి నింపుమనుట శిక్ష కాదు; అది నిశ్చయమును నిజముతో సరిచేయు తూనిక.

ఇక నిత్యజీవితమునకు పనికివచ్చు కొన్ని సూత్రములు చెప్పెదను. ప్రతి వస్తువునకు సామాన్యమైన స్థానమొకటి యేర్పరచి దానిని మార్చకుడు. మార్చవలసివచ్చినచో, "కళ్ళజోడు కిటికీలో నుంచుచున్నాను" అని పెదవి విప్పి చెప్పుకొనుడు. చేయి చేసిన పనిని మనస్సు గమనించుట కిది సులభోపాయము. విలువగలదానిని దాచవలసినచో వింతచోట గాక, తాళముగల చోట దాచి, ఇంటిలో మరియొకరికి జెప్పుడు, లేదా పుస్తకములో తేదీతో వ్రాసికొనుడు. వ్రాతకు తేదీ యుండును. దృశ్యమునకు తేదీ యుండదు.

వస్తువు కనబడనప్పుడు మొదట మీ మనస్సునే ప్రశ్నింపుడు. "నేనచ్చట నుంచుచుండగా నాకు గనబడుచున్నదా, లేక నిత్యము నుంచుచోటు గనుక నుంచియుందునని తోచుచున్నదా? ఆ క్షణమునకు ముందు ఏమి చేసితిని? తరువాత నెవరితో మాటాడితిని?" నిజముగా జరిగినదానికి ముందువెనుకలు ఉండును, మనస్సు అల్లినదానికి తరచుగా నవి యుండవు. ఇదియు తప్పని పరీక్ష కాదు. కాని తొందరను ఆపును. పిమ్మట, మీరు నమ్మిన చోటినే గాక, నమ్మని చోటులను గూడ వెదకుడు. నమ్మినచోటనే పదిమారులు వెదకుట వెదకుట గాదు.

అన్నిటికంటె ముఖ్యమైన సూత్రము: ఒకరి జ్ఞాపకముమాత్రమే యాధారముగా మరియొకరిని దొంగ యనకుడు. "ఉంచితినని తలచుచున్నాను" అను మాటకును, "ఉంచితిని" అను మాటకును నడుమ ఒక మనిషి గౌరవము నిలిచియున్నది. నోటు పోగొట్టుకొన్న బాలునికి నూరు రూపాయలే నష్టము. నిందపడిన బాలునికి బడియే నష్టము కావచ్చును. వసతిగృహపు పెద్దలును, తరగతి నాయకులును గట్టిగా మాటాడువానిని చూచి తీర్పు చెప్పక, గదియంతయు అందరును గలసి వెదకుట యాచారము చేయవలెను. అందరి పెట్టెలును ఒకే రీతిగా తెరువబడినచో ఏ యొక్కనికిని తలవంపు కలుగదు.

కడపట ఉత్సాహకరమైన సంగతి యొకటి చెప్పి ముగించెదను. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు, గట్టినమ్మకముతో చెప్పిన తప్పును సరిదిద్దినప్పుడు, సందేహముతో చెప్పిన తప్పు సరిదిద్దినప్పటికంటె, సరియైన జవాబు బాగుగా నిలుచునని కనుగొనిరి. తన నిశ్చయము తలక్రిందైనప్పుడు మనస్సు ఉలికిపడి, శ్రద్ధగా వినును. శ్రీకాకుళము కాశీకి తూర్పని నేడు తెలిసికొని ఆశ్చర్యపడినవాడు ఇక దానిని సులభముగా మరువడు. కనుక తప్పు బయలుపడుట సిగ్గుపడవలసిన విషయము కాదు. పటము తెరచి చూచుటకును, పెట్టెను మరల వెదకుటకును, "నేను పొరబడియుందునేమో" యని ముందుగా నొక మాట యనుటకును ఇష్టపడనివానికి మాత్రము ఏ శాస్త్రమును సహాయము చేయజాలదు. ఆ యొక్క మాట అలవడినచో మన వస్తువులు త్వరగా దొరకును. మన పొరుగువారి మంచిపేరు ఎన్నడును పోదు.